మడతబందు

పీణ్య రెండో స్టేజిలో మా షెడ్డు.
పదకొండింటికి ఒకసారి కరెంటు పోతుంది,
కూలెంటు నూనె వాసన మాత్రం పోదు.
నిరుటిదాకా బీరువా తలుపుల బందులు చేశాం.
ఈ ఏడు తుపాకి వెనకభాగం వచ్చింది:
భుజానికి ఆనించే బట్టు,
పక్కకి మడిచి పెట్టేది.

తుపాకి రాలేదు. బట్టు ఒక్కటే.
ముందుభాగం మద్దికట్టెతో చెక్కాడు చౌడప్ప,
బరువు సరిపోవాలని
కడుపులో సీసం పోసి.

డ్రాయింగులో ఒక మనిషున్నాడు.
మొహం లేదు. ఐదడుగుల పదకొండంగుళాలు.
వాడి చెంప ఎప్పుడూ సరైన చోటే ఆనుతుంది,
వాడి బొటనవేలు ఎప్పుడూ మీటకి అందుతుంది.
అలాంటివాణ్ణి నేను
జాలహళ్లి క్రాసులో ఒక్కసారీ చూడలేదు.

నా పని కొలవడం.
మోచేతి మడత నించి చూపుడువేలి కణుపు దాకా,
దవడ ఎముక నించి కంటిపాప దాకా,
జాకెట్లు కుట్టే టేపుతోనే.
బందులో వెంట్రుకంత వదులుంటే
చెంప కింద బట్టు కదులుతుంది,
చెంప కదిలితే కన్ను,
ఇక అవతల గురి జానెడు పక్కకి.
ఇదంతా నాకు కంఠతా వచ్చు.

శనివారం పదిమందిని పంపారు, ఖాకీల్లో.
తొమ్మిదో మనిషి హనుమక్క.
బట్టు తెరవబోతే
మడతబందు బొటనవేలి చర్మం కరిచింది.
"నీ పాడుగాను!" అంది.
అంతటితో మా ఇద్దరి కన్నడం అయిపోయింది.
ఆమెది పావగడ, మాది మడకశిర,
మధ్యలో రెండు బస్సులు, ఒక సరిహద్దు రాయి.

టక్‌మని తెరుచుకుంది.
భుజానికెత్తితే, నిండు బిందె చంకనెత్తినట్టు
నడుం దగ్గర వెనక్కి వాలిపోయింది.
రెండు గాట్లు లోపలికి జరిపాను. నిలబడింది.
జడపిన్ను అడ్డం వచ్చింది. రాసుకున్నాను.
బాగుందా అక్కా అన్నాను.

"ఇంతసేపూ ఎత్తిపెట్టి కొలస్తాండావు పాపా.
పదకొండేండ్ల సర్వీసు నాది,
మనిషి మీదికి ఎత్తిందే లేదు.
ఏడాదికొకతూరి అట్టబొమ్మల్ని కాలస్తాం.
మిగతా దినాలన్నీ మోసేదే కదా,
కోర్టు గేటుకాడ, గణపతి ఊరేగింపుకాడ.
మడిస్తే ఇది యాడ తగుల్తుందో చూస్తివా?
వ్యాన్లో సీటుకి ఆరుమందిమి,
నా తుపాకి పక్కదాని మోకాట్లో ఉంటాది.
చిత్రాన్నం పొట్లం యాడ పెట్టుకోవల్ల?"

ఖాకీ చొక్కా అంచు కాస్త పైకెత్తి చూపించింది.
తుంటి ఎముక మీద నల్లగా, గుండ్రంగా,
పావలా బిళ్లంత మచ్చ.
బందు చీల తలకాయ.
మా బందు కాదు, పాతది.
ఇంకెవరో చేసింది,
ఇంకెవరో టేపు పట్టుకుని కొలిచింది.

ఫారంలో భుజానికి గడి ఉంది,
చెంపకి, మణికట్టుకి ఉంది.
ఒడికి లేదు.
పెన్సిలుతో ఒక గీత గీసి
పైన "కూర్చున్నప్పుడు" అని రాశాను.

ఆ రాత్రి చీల తలని లోపలికి దించాను,
అంచుని మూడు మిల్లీమీటర్లు గుండ్రంగా అరగదీశాను.
అరచేత్తో రుద్ది చూశాను, ఆమె చూపిన చోట
నా తుంటికీ అదిమి చూశాను.
ఒంటికి నప్పేట్టు చేయడమంటే
ఎత్తడం కూడా తేలిక చేయడమే.
తెలుసు.
తెలిసే అరగదీశాను.
మంచిదో కాదో చౌడప్పని అడిగితే
లేతు ఆపకుండానే
"బీరువా బందులే నయం" అన్నాడు.

సోమవారం ఉడుప గారు ముక్కని తిప్పి తిప్పి చూశారు.
"దీనివల్ల గురికేమైనా లాభమా?"
లేదన్నాను.
"ముక్కకి ఎంత పెరుగుతుంది?"
నాలుగు రూపాయలన్నాను.
చూద్దాం అని జేబులో వేసుకున్నారు.

ఫారం నా దగ్గరే ఉంది.
కొత్త గడిలో హనుమక్క కొలత,
కింద పదో మనిషిది. అడిగితే ముందు నవ్వాడు,
తర్వాత అక్కడే చెయ్యి పెట్టుకున్నాడు.
మిగతా ఎనిమిదిమంది
అప్పటికే బయట వ్యానెక్కి కూర్చున్నారు,
తుపాకులు మడిచి.
వాళ్ల గడులు ఖాళీ.